వేగాస్‌లో మన ఆటలకు జరిగిన పండగ

హైదరాబాద్,
7 డిసెంబర్ 2014, ఆదివారం

ఒరేయ్ బావా,

నిన్న పొద్దున్నుంచి నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ "కవరేజ్ ఏరియాలో లేరు" అన్న మాటే. సీతంపేటలో సిగ్నల్ కావాలంటే బ్యాంకు డాబా ఎక్కాలని నువ్వే చెప్పావు కదా, ఇక నా ఫోన్ నీకు దొరికినట్టే అనుకున్నాను. అయినా ఇది రెండు నిమిషాల ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పరీక్షలు రాసిన తర్వాత ఇన్ని పేజీలు చేత్తో రాయడం ఇదే. అక్షరం బాగాలేకపోయినా ఓపిగ్గా చదువు.

ఏడాదిలో మంచి వీడియో గేమ్‌లకి బహుమతులిచ్చే ద గేమ్ అవార్డ్స్ అయిపోయాయి రా! మొట్టమొదటి షో. లాస్ వేగాస్‌లో, ప్లానెట్ హాలీవుడ్‌లోని యాక్సిస్ థియేటర్‌లో. అక్కడ శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు, మనకి శనివారం పొద్దున ఏడున్నర. నేను ఆరింటికే లేచి స్నానం చేసి, కింద బండి దగ్గర ఇడ్లీ పార్శిల్ కట్టించుకుని వచ్చి, లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి కూర్చున్నాను. నువ్వుండగా పడుకునే మంచం ఇప్పుడు ఖాళీగానే ఉంది. దాని మీద దిండు పెట్టుకుని, ఆనుకుని చూశాను.

పోయినేడాది డిసెంబర్ నీకు గుర్తుండే ఉంటుంది. నిద్ర పాడుచేసుకుని మనిద్దరం వీజీఎక్స్ చూశాం. అమెరికాలోని స్పైక్ టీవీ చానల్ వాళ్ళు 2003 నుంచి ఏటా ఇస్తూ వచ్చిన అవార్డులకే కొత్త పేరు పెట్టి చేసిన షో అది. షో నడిపే జెఫ్ కీలీ పక్కన కమెడియన్ జోయెల్ మెక్‌హేల్‌ని నిలబెట్టారు. ఆటలు చేసినవాళ్ళు వచ్చి ఏళ్ళ తరబడి పడ్డ కష్టం గురించి చెబుతుంటే, ఆయన జోకులు వాళ్ళ మీదా, చూసే మన మీదా. నో మ్యాన్స్ స్కై అన్న ఆటని లోకం మొదటిసారి చూసింది ఆ షోలోనే. నలుగురైదుగురు కుర్రాళ్ళు ఇంగ్లండ్‌లో చిన్న ఆఫీసులో కూర్చుని ఏకంగా ఒక విశ్వాన్నే తయారుచేస్తున్నారని మనం నోరు తెరుచుకుని చూశాం. అయినా సగంలో నువ్వు లాప్‌టాప్ మూసేసి ఒక మాటన్నావు: "వీళ్ళకి మనమంటే చులకన రా." ఆ మాట ఏడాదంతా నా మనసులో ఉండిపోయింది. నిన్న షో చూస్తున్నంతసేపూ నీకు జవాబు చెబుతున్నట్టే చూశాను.

బావా, ఈసారి చులకన లేదు.

కీలీ ఆ చానల్‌ని వదిలేసి, తన సొంత డబ్బు కూడా పెట్టి ఈ షో మొదలుపెట్టాడు. గేమ్ మెషీన్లు చేస్తూ ఒకరితో ఒకరు పోటీపడే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో, ముగ్గుర్నీ ఒక తాటి మీదికి తెచ్చాడు. అది ఎంత కష్టమో మన రూమ్‌లో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ గొడవలు విన్న నీకు వేరే చెప్పాలా? టీవీ చానల్ అన్నదే లేదు, మొత్తం ఇంటర్నెట్‌లోనే, ఉచితంగా. వేగాస్‌లో హాల్లో కూర్చున్నవాడూ, ఎర్రగడ్డలో నేనూ ఒకే క్షణంలో ఒకే దృశ్యం చూశాం. కీలీ మాట్లాడుతుంటే కొంచెం టెన్షన్ కనబడుతూనే ఉంది, కానీ ఆటల గురించి తెలిసినవాడు, ప్రేమ ఉన్నవాడు మాట్లాడుతున్నట్టుంది. నాకు కావలసింది అదే.

అన్నిటికంటే ముందు నీకు చెప్పాలనిపించింది కెన్ విలియమ్స్, రోబెర్టా విలియమ్స్ గురించి. ఈ భార్యాభర్తల పేర్లు మనం పెద్దగా వినలేదు. ఇండస్ట్రీ ఐకాన్ అవార్డు వాళ్ళకిచ్చారు. 1980లో, ఆపిల్ 2 కంప్యూటర్ మీద, మిస్టరీ హౌస్ అనే ఆట చేశారు. అప్పటిదాకా అడ్వెంచర్ ఆటలంటే తెర మీద ఉత్త అక్షరాలే. "తలుపు తియ్యి" అని టైపు చేస్తే "తలుపు తెరుచుకుంది" అని అక్షరాల్లోనే జవాబు. రోబెర్టా కథ రాసి, బొమ్మలు కూడా గీసింది. భర్త వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ డిస్కులని ప్లాస్టిక్ జిప్ కవర్లలో పెట్టి అమ్మారట. సియెర్రా అన్న పెద్ద కంపెనీ అలా మొదలైంది. 1984లో కింగ్స్ క్వెస్ట్ వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో ఈ రంగం వదిలేసి ఇద్దరూ పడవ వేసుకుని సముద్రాలు తిరుగుతూ ఉండిపోయారు.

వాళ్ళు స్టేజీ మీదికి వస్తుంటే హాల్లో లేచి నిలబడ్డవాళ్ళని చూసి నాకు కళ్ళు చెమర్చాయి. మా అమ్మ వయసులో ఉన్న ఆవిడ ఒకరు, మనం ఆడే ఆటల్లో కథకి బొమ్మ కలిపిన మనిషి. మా ఇంట్లో ఇప్పటికీ ఆటలంటే పిల్లలు చదువు పాడుచేసుకునే పని. అందుకే ఆ ఐదు నిమిషాలు కత్తిరించి అమ్మకి చూపించాలనుకుంటున్నాను. కింగ్స్ క్వెస్ట్‌ని కొత్తగా మళ్ళీ తెస్తున్నారని కూడా అక్కడే చూపించారు.

ఇక నింటెండో వాళ్ళ కొత్త జెల్డా ఆట. దాన్ని చేస్తున్న మియమొతో, అఓనుమా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, నింటెండో గేమ్ మెషీన్ వీ యూ కంట్రోలర్ పట్టుకుని ఆడి చూపించారు. హడావుడి లేదు, ఇద్దరు స్నేహితులు ఆడుకుంటున్నట్టే ఉంది. మనం ఇలాగే కదా కూర్చునేవాళ్ళం! గడ్డి మైదానం కనుచూపు మేర పరుచుకుని ఉంది. దూరంగా ఉన్న చోటుని మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటే, తెర మీద అక్కడ వెలుగు కనబడుతుంది, ఇక దారి మన ఇష్టం. గుర్రం చెట్లని అదే తప్పించుకుని పరిగెడుతుంది. నిజం గుర్రాలు చెట్లకి గుద్దుకోవు కదా అని అఓనుమా చెప్పాడు. ఇంత చిన్న విషయం గురించి ఇంత ఆలోచించేవాళ్ళు చేస్తున్న ఆట ఎలా ఉంటుందో ఊహించుకో. 2015లోనే వస్తుందట. తర్వాత ఇమాజిన్ డ్రాగన్స్ బ్యాండుతో కలిసి కోజి కోండో స్వయంగా పియానో ముందు కూర్చున్నారు. మారియో, జెల్డా బాణీలు కట్టిన మనిషి వేళ్ళని మొదటిసారి చూశాను.

ఉత్తమ ఇండీ ఆట, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా చేసినవాటిలో మేటి, షవల్ నైట్. ఇది వినగానే ఎగిరి గంతేశాను. మన చిన్నప్పుడు టీవీకి తగిలించుకునే గేమ్ బాక్సు, "9999999 ఇన్ 1" క్యాసెట్లు, అది పనిచేయకపోతే నోటితో ఊది మళ్ళీ పెట్టడం, ఇవన్నీ ఆ ఆట చూస్తే గుర్తొస్తాయి. కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో జనం ఇచ్చిన 3 లక్షల డాలర్ల పైచిలుకుతో చేశారు. ఉత్తమ కథనం వాలియంట్ హార్ట్స్‌కి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు ఇళ్ళకి రాసిన ఉత్తరాల నుంచి పుట్టిన ఆట అది. చివరి సీన్‌లో నేను కంట్రోలర్ కింద పెట్టేశానని నీకు చెప్పాను కదా. నింటెండోకి డెవలపర్ ఆఫ్ ద ఇయర్ ఇచ్చారు. వీ యూ చచ్చిపోయిందని ఏడాదంతా విని విని ఉన్న మన గ్రూపులోని నింటెండో అభిమాని వాట్సాప్‌లో పది నిమిషాలు ఆపకుండా చప్పట్ల బొమ్మలు పంపించాడు.

అందరూ సంతోషించారని మాత్రం అనుకోకు. గ్రూపులో విసుగు కూడా బాగానే ఉంది. డాలస్‌లో ఉన్న మన సీనియర్ మొదటి గంటలోనే, "ఇవి అవార్డులా, ట్రైలర్ల సంతా?" అన్నాడు. అది కాదనలేను. రాబోయే ఆటల ట్రైలర్లకి దొరికిన తీరిక, బహుమతి గెలిచినవాళ్ళకి దొరకలేదు. నాలుగేళ్ళు పనిచేసి గెలిచిన మనిషికి మైకు ముందు ఇంకో నిమిషం ఇస్తే పోయేదేముంది? వచ్చే ఏడాదైనా కీలీ దీని గురించి ఆలోచించాలి. ట్రైలర్లు లేకపోతే ఇంతమంది చూడరు, చూడకపోతే షోకి డబ్బు రాదు. అది నాకూ తెలుసు. అయినా ఒక చోట గీత గీసుకోవాలి.

ఇక చివరి అవార్డుకి వస్తాను. అక్కడే నా మనసు చివుక్కుమంది.

గేమ్ ఆఫ్ ద ఇయర్‌కి ఐదు పోటీలో ఉన్నాయి. బయొనెట్టా 2, డార్క్ సోల్స్ 2, హార్త్‌స్టోన్, షాడో ఆఫ్ మోర్డోర్, డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్. గెలిచింది డ్రాగన్ ఏజ్. కెనడాలో బయోవేర్ వాళ్ళు చేసింది, విడుదలై మూడు వారాలు కూడా కాలేదు.

వెంటనే గ్రూపు రెండుగా చీలిపోయింది. డాలస్ సీనియర్, న్యూజెర్సీలో ఉన్న వాళ్ళ తమ్ముడు, సిడ్నీలో చదువుతున్న మన జూనియర్, అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. డ్రాగన్ ఏజ్ రెండో భాగం చేసిన నిరాశని ఇది కడిగేసిందని ఒకరు, హింటర్‌లాండ్స్ అనే మొదటి ప్రాంతంలోనే ఇరవై గంటలు చిల్లర పనులతో సరిపోయిందని ఇంకొకరు. ఎవరి వాదన వాళ్ళది, వింటుంటే భలే సరదాగా ఉంది. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ వాళ్ళం మాత్రం ఒక్క మాట కూడా రాయలేదు. రాయడానికి మాకేం తెలుసు?

నువ్వు సీతంపేట వెళ్ళిన తర్వాత జరిగింది కాబట్టి నీకు తెలియకపోవచ్చు. పోయిన నెలలో, సరిగ్గా విడుదల ముందు, ఈ ఆటని మన దేశంలో అమ్మడం ఆపేశారు. ఇక్కడి చట్టాలకి విరుద్ధం కాకూడదని కంపెనీయే వెనక్కి తీసుకుంది. ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి డబ్బు తిరిగి ఇచ్చేస్తామంది. ఫలానా దృశ్యం వల్ల అని విడమర్చి చెప్పలేదు. ఆటలో మగవాళ్ళిద్దరి మధ్య ప్రేమకి చోటుంది, అందుకే అయ్యుంటుందని అందరూ అనుకుంటున్నారు. పోయిన డిసెంబర్‌లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలని నేరంగా చూసే సెక్షన్ 377 చెల్లుతుందని తీర్పు ఇచ్చింది కదా, దాన్నీ దీన్నీ కలిపి చూస్తున్నారు. ఈ నెల జీతం రాగానే కొందామని నేను లెక్క వేసుకుని ఉన్నాను.

ప్రపంచం ఈ ఏడాది ఇదే గొప్ప ఆట అని స్టేజీ మీద నిలబెట్టి చప్పట్లు కొట్టింది. మనకి అది బాగుందని ఒప్పుకునే వీలూ లేదు, బాగాలేదని పోట్లాడే వీలూ లేదు. దొంగతనంగా దించుకుని ఆడొచ్చు, అమీర్‌పేటలో ఆ డీవీడీలు ఎక్కడ దొరుకుతాయో ఇద్దరికీ తెలుసు. కానీ ఉద్యోగం వచ్చాక అలా ఆడకూడదని మనం ఒట్టు పెట్టుకున్నాం. నేను దానికే కట్టుబడి ఉన్నాను. నా వయసు ఇరవై ఆరు, ఓటు వేస్తాను, పన్ను కడతాను. ఒక ప్రేమకథ చూసి తట్టుకోగలనో లేదో నేను తేల్చుకుంటాను కదా బావా. పోయినేడాది చులకన వేగాస్ స్టేజీ మీద కనబడింది. ఈసారి అక్కడ పోయింది గానీ ఇక్కడ ఉండిపోయింది.

నా ఓటైతే షాడో ఆఫ్ మోర్డోర్‌కి. అందులో నన్ను చంపిన ఓర్క్ అనే రాక్షస సైనికుడు ఆ చంపినందుకే పదోన్నతి పొందుతాడు. మళ్ళీ ఎదురుపడితే నన్ను గుర్తుపడతాడు, "నిన్ను ఒకసారి చంపాను కదా" అన్నట్టు మాట్లాడతాడు. నేను వాడి ముఖం కాల్చి వదిలేస్తే, ఆ మచ్చతోనే తిరిగొస్తాడు. ఏ ఇద్దరి ఆటలోనూ ఒకే శత్రువు ఉండడు. నాకొక ఒంటికన్ను ఓర్క్ తగిలాడు, వాడి చేతిలో ఆరుసార్లు చచ్చాను. ఏడోసారి వాణ్ణి ఓడించినప్పుడు అర్ధరాత్రి రెండయింది, పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు. ఇలాంటిది నేను ఇంతకుముందు ఏ ఆటలోనూ చూడలేదు.

షో మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేశాను. మీ చిన్నాన్న గురువారం పాలకొండ వెళ్తున్నారట, ఈ ఉత్తరంతో పాటు ఆయనకే ఇస్తున్నాను. ముందు విలియమ్స్ దంపతుల భాగం చూడు, తర్వాత జెల్డా. ఆ పైన మొదటి నుంచి చూడు. సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు పెట్టు. నీ కంట్రోలర్ నేను తుడిచి బీరువాలో పెట్టాను, మోర్డోర్‌లో నీ పేరుతో కొత్త ఆట మొదలుపెట్టి ఉంచుతాను. మెడ నొప్పి తగ్గిందా? బ్యాంకులో ఆ కుర్చీ మార్పించమని మేనేజర్‌గారిని అడిగావా లేదా?

ఆ ఐదింటిలో నువ్వైతే దేనికి ఇచ్చేవాడివో రాయి. డ్రాగన్ ఏజ్ సంగతి కూడా రాయి, ఆడకపోయినా సరే.

నీ
రూమ్మేట్