వారానికి ఒక పూట చాలు

ఒరేయ్ డాక్టరూ,

నీ జవాబు అందింది. మనసు బాగోలేనివాళ్లని చూడ్డానికి మా క్లినిక్‌కి వారానికి ఒక పూట వస్తానన్నావు, సంతోషం. కానీ "వచ్చినవాళ్లందర్నీ చూసేస్తాలే" అన్నావు చూడు, అక్కడే నీతో నాకు పేచీ. ముప్ఫై మందిని గబగబా చూసి, తలా ఒక చీటీ రాసిచ్చి వెళ్లిపోతావు. మర్నాటి నుంచి వాళ్ల గతేమిటిరా?

ముందు ఇక్కడి సంగతులు విను. విడిగా ఇల్లు అద్దెకు తీసుకుని మానసిక వైద్యం అని పెద్ద బోర్డు కడదామని కమిటీలో సగం మంది పట్టుబట్టారు. ఆ బోర్డు చూసి లోపలికొచ్చేవాళ్లకంటే వీధి మలుపులోంచే వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువుంటారని మా నర్సమ్మ వాదించి నెగ్గింది. అందుకే బీపీ, షుగర్ చూసే మామూలు క్లినిక్‌లోనే రెండు గదులు తీసుకున్నాం. గుమ్మం ఒకటే, టోకెన్లిచ్చే కౌంటర్ ఒకటే. ఎవరు దేనికొచ్చారో పక్కవాడికి తెలీదు. కౌంటర్లో కుర్రాడు "ఏంటి ప్రాబ్లం?" అని అందరి ముందూ అడగడం మాన్పించాం. పేరు, ఫోన్ నంబరు, ఏ టైములో చేస్తే ఇబ్బంది ఉండదు, అంతే. గదికి ప్లైవుడ్ గోడ, లోపల దగ్గినా బయటికి వినిపిస్తుంది. తలుపు బయట ఒక పాత రేడియో పెట్టాం. నవ్వకు, పనిచేస్తోంది.

డిప్రెషన్ ఎంతుందో తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9 నీకు కొత్తేం కాదు గానీ, చదువురాని మనిషికి దాన్ని చదివి వినిపించడం వేరే విద్య. మొన్న నర్సమ్మ ఒక పెద్దాయన్ని అడుగుతుంటే చూశాను. ఎనిమిది ప్రశ్నలయ్యాక ఆగింది. పక్కనే ఉన్న కొడుకుని, "బాబూ, ఈ టోకెన్ మీద ముద్ర వేయించుకురా" అని బయటికి పంపింది. ఆ తర్వాతే తొమ్మిదోది అడిగింది: చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అని. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అవునన్నాడు. కొడుకు ఎదురుగా ఉంటే లేదనే అనేవాడు. దానికి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా, మొత్తం స్కోరు ఎంతైనా సరే, ఆ పూటే కూర్చోబెట్టి మాట్లాడందే ఇంటికి పంపకూడదని రూలు పెట్టుకున్నాం.

ఇప్పుడు నీ సంగతి. డిప్రెషన్ వైద్యం మీద 2002లో వచ్చిన ఇంపాక్ట్ ట్రయల్ గుర్తుందా? అరవై ఏళ్లు పైబడినవాళ్లు 1,801 మంది, 18 క్లినిక్‌లు. ఏడాది తిరిగేసరికి లక్షణాలు కనీసం సగానికి తగ్గినవాళ్లు మామూలు వైద్యంలో 19 శాతం, రోగుల్ని వదలకుండా కనిపెట్టుకునుండే కేర్ మేనేజర్ ఉన్న పద్ధతిలో 45 శాతం. అక్కడ సైకియాట్రిస్టు ముఖ్యంగా చేసిందేమిటి? కేర్ మేనేజర్‌తో కూర్చుని ఎవరికి తగ్గడంలేదో చూసి, ఏం మార్చాలో చెప్పడం. జింబాబ్వే రాజధాని హరారేలో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ బెంచీ మీద కూర్చుని మాట్లాడేది శిక్షణ పొందిన పెద్ద వయసు ఆడవాళ్లు. 2016లో వచ్చిన ట్రయల్ ఫలితాలు చూస్తే నీ డిగ్రీల మీద నీకే అనుమానం వస్తుంది.

నువ్వు డిప్రెషన్‌కి మందు రాస్తావు. వికారం, నిద్ర తేడా ముందొస్తాయి, గుణం కనబడాలంటే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. జనం మానేసేది ఆ మధ్యలోనే. అందుకే మొదటి వారం తిరక్కుండా మా కౌన్సెలర్ ఫోన్ చేస్తుంది. "ఎలా ఉంది, వేసుకుంటున్నారా, కడుపులో తిప్పుతోందా?" ఈ ఫోన్ చేసే మనిషి జీతం పుట్టించడమే గగనమైపోతోందిరా. గోడమీద పేర్ల పలకకైతే దాతలు వరసకడతారు. జీతం అనగానే అందరికీ వేరే పనులు గుర్తొస్తాయి.

కాబట్టి నీ పూటలో మొదటి గంట మా వాళ్లతో జాబితా చూడాలి. స్కోరు కదలనివాళ్లు, ఫోన్ ఎత్తనివాళ్లు. తర్వాతి గంట నువ్వే చూసి తీరాల్సినవాళ్లకి: గొంతులు వినిపించేవాళ్లు, మేనియాలో, అంటే అదుపులేని హుషారులో ఉన్నవాళ్లు, లిథియం మందు వేసుకుంటున్న గర్భిణులు. మిగతా రోజుల్లో మా వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తాలి. ఇంకొకటి, తాగుడు ఒక్కసారిగా ఆపేసి వణుకు, ఫిట్స్ వచ్చినవాళ్లని మేం ఇక్కడ పెట్టుకోలేం. రాత్రిపూట కూడా చేర్చుకునేలా పెద్దాసుపత్రిలో ఎవరితోనైనా మాట్లాడిపెట్టు. నా మాట వినరు, నీ మాటైతే వింటారు.

బుధవారం సాయంత్రమా, శనివారం పొద్దున్నా అని అడిగావు కదా. పొద్దున్నయితే కూలికెళ్లేవాళ్లు ఆ రోజు డబ్బులు వదులుకుని రావాలి. అంచేత నిన్ను అడిగింది మర్యాదకే. బుధవారం, సాయంత్రం ఆరింటికి రా.

నీ
పాత రూమ్మేటు