ఆలస్యమైన మెషీన్ల సంగతి, ఇకమీదట డిస్కుకు విడిగా వేసే ఎస్టిమేటు

నమస్కారమండీ. నెల్లూరులో మా షాపుకు పాత మినీకంప్యూటర్లు ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకూ, ఇవ్వాలనుకుని ఫోన్లు చేస్తున్నవాళ్లకూ కలిపి ఇది రాస్తున్నాం.

దసరాకు ఇస్తామన్న మూడు పీడీపీ-11లలో (డిజిటల్ కంపెనీ పాత మినీకంప్యూటర్లు, 11/23, 11/73 అందులో రకాలు) ఒక్కటే ఇల్లు చేరింది. ఒంగోలు వారి 11/23, కావలి వారి మైక్రో 11/73 ఇంకా మా బల్ల మీదే ఉన్నాయి. తప్పు మాది. బోర్డులు చూసి తేదీ చెప్పేశాం, డిస్కు డ్రైవు మూత తియ్యకుండానే చెప్పాం. రెండు మెషీన్లలోనూ ప్రాసెసరు మూడు వారాల్లో పనిలోకి వచ్చింది. పని ఆగింది డిస్కు దగ్గరే.

అందుకని ఇకనుంచి ఎస్టిమేట్లు రెండు. మొదటిది కరెంటు పెట్టడం మొదలుకొని టెర్మినల్ మీద '@' గుర్తు (ఆదేశం ఇమ్మని మెషీన్ అడగడం) వచ్చి, మెమరీ పరీక్ష రాత్రంతా తప్పు లేకుండా నడిచేదాకా. దీనికి తేదీ చెప్తాం, ధర చెప్తాం, మూడు నెలల గ్యారంటీ ఇస్తాం. రెండోది డిస్కు. దాన్ని విప్పి, ప్యాకులు (డ్రైవులో పెట్టి తీసే డిస్కు పళ్లేలు) చూసి, అప్పుడే మాట్లాడతాం. దానికి గ్యారంటీ లేదు. ఎందుకు లేదో కింద రాస్తాం, చదివి ఒప్పుకుంటేనే మెషీన్ ఇవ్వండి.

ముందు కరెంటు సంగతి. "ఇంట్లో ఒక్కసారి ఆన్ చేసి చూశాం సార్, పొగ వచ్చింది" అనే మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి ఆన్ చెయ్యకండి. అమెరికా నుంచి వచ్చిన పెట్టె అయితే వెనక వోల్టేజీ సెలెక్టరు 115 మీద ఉంటుంది, మన 230 తగిలితే లోపలి పెద్ద కండెన్సర్లు ఆ క్షణంలోనే పోతాయి. సెలెక్టరు 230 మీదే ఉన్నా, మెయిన్స్ ఫిల్టర్లో పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగున్న కాగితం కండెన్సర్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తొడుగు వెంట్రుకవాసి పగుళ్లిస్తుంది. పగుళ్లలోంచి గాలిలోని తేమ కాగితానికి పడుతుంది. మనది సముద్రం గాలి తగిలే జిల్లా, వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తాయి, ఇక తేమకేం తక్కువ? కరెంటు తగిలిన కాసేపటికి కండెన్సరు పగిలి ఘాటైన పొగ వస్తుంది. కొన్ని సప్లైల్లో ఫిల్టరు స్విచ్చికి ముందే ఉంటుంది, ప్లగ్గు పెడితేనే చాలు. కాబట్టి వీటిని మేము పరీక్షించం, కనిపించినవన్నీ పీకేసి ఎక్స్2 రకం, 275 వోల్టుల ఏసీవి, అదే విలువవి వేస్తాం.

డిమ్మర్‌స్టాట్ పెట్టి మెల్లగా పెంచితే భద్రమని చాలామంది అనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మరుతో నడిచే పాత లీనియర్ సప్లైకి అది సరే. మైక్రో 11/73 పెట్టెలో ఉన్నలాంటి స్విచింగ్ సప్లైకి పనికిరాదు. అది తక్కువ వోల్టేజీలో కూడా అంతే పవరు కావాలని ఎక్కువ కరెంటు లాగి స్విచింగ్ ట్రాన్సిస్టర్లను కాల్చుకుంటుంది. మేము చేసేది ఇది. పెద్ద కండెన్సర్లను బయటికి తీసి, డీసీ సప్లై నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టరు గుండా మెల్లగా వాటి పూర్తి వోల్టేజీ దాకా తీసుకెళ్తాం. లీకేజీ తగ్గుతూ పోతే మళ్లీ బిగిస్తాం, తగ్గకపోతే కొత్తవి. ఆ తర్వాత సప్లైకి పూర్తి 230 వోల్టులే ఇస్తాం, కాకపోతే మొదటిసారి వరుసలో 100 వాట్ల బల్బు ఉంటుంది. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు.

ఈ సప్లైలను ఖాళీగా నడపకూడదు, లోడు లేకపోతే వోల్టేజీ నిలబడదు. 5 వోల్టుల లైనుకు 1 ఓమ్, 50 వాట్ల అల్యూమినియం రెసిస్టర్లు రెండు సమాంతరంగా (పారలల్‌గా) కలిపితే 10 ఆంప్స్ లాగుతాయి. ఫ్యాను గాలి తప్పనిసరి, ఒక్కొక్కటీ 25 వాట్ల వేడి కక్కుతుంది. 12 వోల్టులకు కారు హెడ్‌లైటు బల్బు చాలు. నాలుగు గంటలు నడిపాక 5 వోల్టుల లైను 4.75కూ 5.25కూ మధ్య ఉండాలి. మేము 5.1 దగ్గర పెడతాం, అదీ సప్లై దగ్గర కాదు, బ్యాక్‌ప్లేన్ (బోర్డులు గుచ్చే పలక) మీద కొలిచి.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి కూడా మెషీన్ కదలకపోతే చాలామంది ప్రాసెసరు పోయిందనుకుని దిగులుపడతారు. క్యూ-బస్ (బోర్డులన్నిటినీ కలిపే లైన్ల వరస) మీద బీడీసీఓకే, బీపీఓకే అని రెండు సిగ్నళ్లున్నాయి. డీసీ నిలబడ్డాక కనీసం 3 మిల్లీసెకన్లకు మొదటిది, అది వచ్చాక కనీసం 70 మిల్లీసెకన్లకు రెండోది లేవాలి. రెండోది లేవకపోతే ప్రాసెసరు మొదలే కాదు. ఈ సిగ్నళ్లు సప్లైలోంచే వస్తాయి కాబట్టి వెతకాల్సింది అక్కడే.

బోర్డులను ఒకేసారి అన్నీ గుచ్చం. ప్రతి బోర్డు మీదా 5, 12 వోల్టుల లైన్లకూ గ్రౌండుకూ మధ్య ఓములు కొలుస్తాం. 12 లైనులో సున్నాకు దగ్గరగా చూపిస్తే దాదాపు ఎప్పుడూ ఒక టాంటలం కండెన్సరు షార్టయి ఉంటుంది. అది మార్చకుండా పెడితే బోర్డు మీద నల్లటి గుంట పడుతుంది. అంచున ఉన్న బంగారు పూత కాంటాక్టులకు ఇసుక కాగితం, గట్టి రబ్బరు తగలనివ్వకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెత్తటి గుడ్డ చాలు. ఆ పూత ఒకసారి పోతే మళ్లీ రాదు.

గుచ్చే వరస కూడా ముఖ్యం. ఇంటరప్టు (ప్రాసెసరును పిలవడం), డీఎంఏ (మెమరీని నేరుగా అందుకోవడం) అనుమతులు ప్రాసెసరు నుంచి ఒక బోర్డులోంచి ఇంకో బోర్డులోకి చేతులు మారుతూ పోతాయి. మధ్యలో ఒక్క స్లాటు ఖాళీ వదిలితే దాని తర్వాతి బోర్డులకు అనుమతి చేరదు. ఆ బోర్డుల రిజిస్టర్లు (లోపలి చిన్న నిల్వ గడులు) చదివితే జవాబిస్తాయి, కానీ డిస్కు నుంచి ఒక్క అక్షరం రాదు. మా దగ్గరకు "కంట్రోలర్ పోయింది" అని వచ్చే బోర్డుల్లో ఇలాంటివి ఉంటాయి. స్లాటు మారిస్తే సరిపోతుంది, దానికి డబ్బులు తీసుకోం.

ఇక '@' దగ్గరికి వద్దాం. టెర్మినల్ 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేకుండా పెట్టి, హాల్ట్ స్విచ్చి వేసి ఆన్ చేస్తే ఒక ఆక్టల్ సంఖ్య (0 నుంచి 7 అంకెలతోనే రాసేది), కింద '@' రావాలి. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ గానీ పారిటీ గానీ తేడా, సీరియల్ బోర్డు జంపర్లు చూడాలి. '@' వచ్చాక 11/23లో 777566 కొట్టి ఏటవాలు గీత ('/') కొట్టండి. ఉన్న విలువ చూపిస్తుంది. అక్కడ 101 కొట్టి రిటర్న్ నొక్కితే తెర మీద ఇంగ్లీషు 'ఎ' అక్షరం పడుతుంది. ఆక్టల్ 101 ఆ అక్షరానిదే, 777566 టెర్మినల్‌కు పంపే రిజిస్టరు. ఏళ్ల తర్వాత మెషీన్ మనతో మాట్లాడే మొదటి అక్షరం అదే, కస్టమరు దగ్గరుంటే ఈ అక్షరం వాళ్ల చేతే కొట్టిస్తాం. తర్వాత 1000 అడ్రసులో 000777 పెట్టి, హాల్ట్ తీసేసి, 1000 తర్వాత 'జీ' కొడితే రన్ దీపం వెలిగి అలాగే ఉండాలి. ఆ సంఖ్యకు అర్థం తన దగ్గరికే మళ్లీ దూకమని. ఏ అడ్రసు కొట్టినా ప్రశ్నార్థకం వస్తే అక్కడ ఎవరూ పలకడం లేదని అర్థం. 774400కు ప్రశ్నార్థకం వస్తే ఆర్‌ఎల్02 (ప్యాకులతో నడిచే డిస్కు డ్రైవు) కంట్రోలర్ అడ్రసు జంపర్లు తప్పు.

ఇప్పుడు డిస్కు. ఒంగోలు వారి ఆర్‌ఎల్02కు నాలుగు ప్యాకులు వచ్చాయి. వాటిలో ఒకదాని పళ్లెం మీద టార్చి ఏటవాలుగా వేసి చూస్తే గాజుతో గీసినట్టు గుండ్రటి గీత ఉంది. ఆ ప్యాకును ఎప్పుడో నడిపారు, హెడ్డు (చదివే మొన) పళ్లేన్ని రాసుకుని ఆక్సైడు (డేటా నిలిచే పూత) హెడ్డుకు అంటుకుంది. ఆ హెడ్డుతో ఇంకో ప్యాకు పెడితే అదీ గీసుకుపోతుంది. ఆ గీసుకుపోయిన ప్యాకు ఇంకో మంచి డ్రైవులో పెడితే ఆ హెడ్లూ పోతాయి. ఇలా ఒక చెడ్డ ప్యాకు గదిలో ఉన్న డ్రైవులన్నిటినీ తినేస్తుంది. కొత్త హెడ్లు ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యరు, ఇంకో డ్రైవును విప్పితేనే దొరుకుతాయి. ఒంగోలు మెషీన్ ఆలస్యం అంతా ఆ హెడ్ల కోసమే.

కాబట్టి ప్రతి ప్యాకునూ ముందు కంటితో చూస్తాం. దూది పుల్ల ఆల్కహాలులో ముంచి అంచున తుడిస్తే దుమ్మయితే బూడిద రంగు వస్తుంది, ముదురు గోధుమ రంగు వస్తే ఆక్సైడు ఊడుతున్నట్టు, ఆ ప్యాకు పక్కకు. డ్రైవులో గాలి దారికి ఉన్న స్పాంజి సీళ్లు పొడిపొడిగా రాలి ఉంటాయి, ఆ పొడి పళ్లెం మీదికి పోకముందే మొత్తం తీసి కొత్తవి అతికించాలి. ప్యాకు నిమిషానికి 2400 సార్లు తిరుగుతుంది. రెడీ దీపం వెలిగేలోపు, వెలిగాక, సన్నటి కీచుమనే చప్పుడు వినిపిస్తే లోడ్ బటన్ వెంటనే వదిలేయాలి. ఇంకో మాట, అయస్కాంతంతో ప్యాకు చెరిపి మళ్లీ ఫార్మాటు చేద్దామనుకోకండి. ట్రాకును పట్టించే సర్వో గుర్తులు ఫ్యాక్టరీలో రాసినవి, డ్రైవు వాటిని మళ్లీ రాయలేదు. చెరిపితే ప్యాకు శాశ్వతంగా పోయినట్టే.

మంచి ప్యాకు ఉందనుకోండి. బూట్ రోమ్ (డిస్కు నుంచి మొదలుపెట్టించే చిప్పు) లేకపోయినా '@' దగ్గరే బూట్ చెయ్యొచ్చు. 774404లో 13, 774400లో 4 పెడితే డ్రైవు స్థితి తెలిసి పాత తప్పులు చెరుగుతాయి. తర్వాత 774402లో 0, 774404లో 0, 774406లో 177400, చివరగా 774400లో 14. మొదటి 256 పదాలు మెమరీలో 0 దగ్గరికి వస్తాయి. అడ్రసు 0లో 000240 కనిపిస్తే బూట్ బ్లాకు వచ్చినట్టే. ప్రాసెసరు రిజిస్టరు ఆర్0లో 0 ఉంచి, 0 తర్వాత 'జీ'.

ఖాళీ ప్యాకు అయితే ఇప్పటి కంప్యూటరులో పాత మెషీన్‌లా నడిచే సిమ్‌హెచ్ ఎమ్యులేటర్‌లో ఇమేజి (ప్యాకులో ఉండాల్సిందంతా ఒకే ఫైలుగా) తయారుచేసి సీరియల్ లైన్ మీద ఎక్కిస్తాం. ఆర్‌ఎల్02 ఇమేజి 10,485,760 బైట్లు, 9600 బాడ్ మీద సెకనుకు 960 బైట్లు, అంటే మూడు గంటలు పైమాటే. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి.

మైక్రో 11/73లోని ఆర్‌డీ53 హార్డు డిస్కు కథ వేరు. లోపల హెడ్లు ఆనుకునే రబ్బరు ముక్క కాలం గడిచేసరికి పాకంలా జిగురైపోతుంది, హెడ్లు దానికి అతుక్కుని కదలవు. మూత తీసి విడిపిస్తే డేటా ఒకసారి తీసుకోగలం, రోజూ వాడుకోవడానికి అది నమ్మదగ్గది కాదు. కావలి వారితో మాట్లాడి అదే చేస్తున్నాం.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల విషయంలో ముందే చెప్పాల్సినవి కొన్ని. 11/23 మీద యూనిక్స్ రకమైన 2.11బీఎస్‌డీ నడవదు. ఇన్‌స్ట్రక్షన్లకూ డేటాకూ విడివిడి అడ్రసు స్థలాలు కావాలి, 11/73కు ఉన్నాయి, 11/23కు లేవు. యూనిక్స్ 6వ ఎడిషన్ అడిగేవాళ్లు ఎక్కువ. 1975 నాటి ఆ కెర్నల్ 777546 దగ్గర, లేకపోతే 772540 దగ్గర గడియారం వెతుకుతుంది, రెండు చోట్లా జవాబు రాకపోతే గడియారం లేదని చెప్పి ఆగిపోతుంది. 11/23కు స్విచ్ రిజిస్టరు కూడా ఉండదు, ఆర్‌ఎల్02 డ్రైవరు అందులో రాలేదు. మూడూ సరిచేసి కంపైల్ చెయ్యాలి, దానికి వారం పని వేసుకోండి. యూనిక్స్ పాత ఎడిషన్లను 2002లో కాల్డెరా కంపెనీ స్వేచ్ఛగా విడుదల చేసింది కాబట్టి వాటిని మేమే ఎక్కిస్తాం. ఆర్‌టీ-11, ఆర్‌ఎస్‌ఎక్స్ అనే డిజిటల్ కంపెనీ సిస్టమ్‌లు అయితే మీ ప్యాకులో ఉన్నదాన్నే నిలబెడతాం, మా దగ్గర్నుంచి కాపీ ఇవ్వం.

ఆర్‌టీ-11 గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతోందని ఒకరు రెండుసార్లు తిరిగి తెచ్చారు. అది చెడిపోవడం కాదు. లైన్ క్లాక్ మెయిన్స్ నుంచే టిక్కులు తీసుకుంటుంది, మనకు సెకనుకు 50, ఆర్‌టీ-11 మాత్రం 60 అనుకుంటోంది. సిస్‌జెన్‌లో (సిస్టమ్‌ను మళ్లీ తయారుచేసేటప్పుడు) 50 హెర్ట్జ్ ఎంచుకుంటే సరి. ఇది ఇకనుంచి ఇచ్చే ముందే చేసి ఇస్తాం. తేదీల్లో పాత వెర్షన్లు 1999 దాటితే తికమకపడతాయి. 5.7 వెర్షన్ ఉంటే బాధ లేదు, లేకపోతే 28 ఏళ్లు వెనక్కి పెట్టండి, వారాలు సరిపోతాయి. ఇదే 50 హెర్ట్జ్ గొడవ ఆర్‌ఎక్స్02 ఫ్లాపీ డ్రైవుకూ ఉంది, అక్కడ అది మోటారు పుల్లీ. 60ది ఉంటే 360 తిరగాల్సిన ఫ్లాపీ 300 తిరుగుతుంది, ఏదీ చదవదు.

మెషీన్ తెచ్చేవాళ్లు ప్యాకు డ్రైవులో ఉంచి లారీ ఎక్కించకండి. హెడ్ల బండిని లాక్ చేసే స్క్రూ బిగించి, 34 కిలోల డ్రైవును ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టే తీసుకురండి. వానలో వచ్చిన పెట్టెను గదిలో ఒక రోజు ఊరికే ఉంచి తర్వాతే తెరుస్తాం, రాగానే చూడమని తొందరపెట్టకండి. ఆర్‌ఎల్02 పనిచెయ్యాల్సిన హద్దు 40 డిగ్రీలు, రోహిణి కార్తెలో మా షాపులో పొద్దున తొమ్మిది దాటితే డిస్కు తిప్పం.

ఒంగోలు వారి 11/23 '@' దాకా సిద్ధం, కావాలంటే డిస్కు లేకుండా ఈ వారమే తీసుకెళ్లొచ్చు, ఎస్‌డీ కార్డుతో ఆర్‌ఎల్02లా పనిచేసే బోర్డు పెట్టుకుంటే ఆర్‌టీ-11 దాని మీద బూట్ అవుతుంది. అసలు డ్రైవే కావాలంటే హెడ్లు దొరికాకే. కావలి వారి డేటా తీయడం సంక్రాంతి లోపు పూర్తవుతుంది. ఇద్దరికీ ఆలస్యమైన రోజులకు అడ్వాన్సులో పావు వంతు వాపసు ఇస్తున్నాం. కొత్త మెషీన్లు సంక్రాంతి దాకా తీసుకోం, సప్లై ఒక్కటే విప్పి తెస్తే మాత్రం ఇప్పుడే చూస్తాం.