పాట రాసుకున్నాం, వరస రాసుకోలేదు

సంపాదకులకు నమస్కారం.

మా భజన బృందానికి అట్ట ఊడిపోయిన పాటల పుస్తకం ఒకటి ఉంది. పోయిన ధనుర్మాసంలో అందులోని ఒక మంగళహారతి పాడదామని తీస్తే ఎవరికీ వరస గుర్తు రాలేదు. నేర్పిన పెద్దాయన పోయి రెండేళ్లయింది. సాహిత్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. పైన ఆయన చేతిరాతతో ‘మోహన’ అని రాగం పేరు ఉంది. అంతే. చివరికి ఏదో సినిమా పాట వరసలో కానిచ్చేశాం. హారతి పళ్లెం పట్టుకున్న పిల్లలు నవ్వుకున్నారు కూడా.

అన్నమయ్య వంశమైన తాళ్లపాక వారి రాగిరేకుల సంగతీ ఇంతే. సంకీర్తనల మీద రాగం పేరు చెక్కించారు, స్వరాలు చెక్కించలేదు. ఈరోజు మనం పాడే అన్నమయ్య పాటల్లో చాలావాటికి వరసలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. ఆయన 1503లో పరమపదించారు, ఆ కాలం వేరు. మరి మన సంగతి?

ఫోనులో రికార్డు చేసుకోవచ్చు కదా అంటారు. మిగిలిన పాటలు చేసుకున్నాం. అవి పెద్దాయన ఒకటి శ్రుతిలో, అంటే తగ్గు స్థాయిలో పాడినవి. మా ఆడవాళ్లకు అంతకన్నా హెచ్చు, ఐదున్నర శ్రుతి కావాలి. హార్మోనియం మీద ఒకటిలో మోహన వాయిస్తే అన్నీ తెల్లమెట్లే. ఐదున్నరకు పోతే నల్లవీ తెల్లవీ కలిసిపోతాయి. వేళ్ల గుర్తు మీద వాయించే నాబోటివాడు అక్కడే చతికిలబడతాడు.

ఆ అవమానంతోనే ఈ వయసులో ఒక సంగీతం టీచరు దగ్గర చేరాను. ఒకరోజు ఆమె నల్లమెట్లు తప్ప ఏదీ ముట్టుకోవద్దన్నారు. మూడు నల్లమెట్లు పక్కపక్కన ఉన్నచోట మొదటిదాన్ని ‘స’ అనుకుని వాయిస్తే మోహన పలికింది. అవే ఐదు మెట్లు, రెండోదాన్ని ‘స’ చేసుకుంటే మధ్యమావతి, మూడోదాన్ని చేసుకుంటే హిందోళం! ఇరవై ఏళ్లుగా తుడిచి గుడ్డ కప్పి పెట్టుకున్న పెట్టెలో ఇది ఉందని నాకు తెలియదు. పోయిన హారతి వరస మాత్రం తిరిగి రాలేదు. రాగం తెలిసినంత మాత్రాన అది రాదు. ఎవరైనా సరిగమల్లో రెండు పంక్తులు రాసి ఉంటే వచ్చేది.

శాస్త్రం తలకెక్కితే భక్తి పోతుందని మా బృందంలోనే కొందరి వాదన. అపస్వరంలో భక్తి ఎక్కువేమీ కాదని నా జవాబు.

72 మేళకర్తలూ (మూల రాగాలూ) మాకు అక్కర్లేదు. పన్నెండు స్వరస్థానాలు, ఆది, రూపకం, మిశ్రచాపు తాళాలు, విన్న వరసను స్వరాల్లో రాసుకోవడం. ఇంతవరకు చాలు. కానీ నేర్పేవారేరి? నేను చూసిన తరగతులన్నీ పిల్లల కోసం, పరీక్షల కోసం నడుస్తున్నవే. ఏడేళ్ల పాపల పక్కన కూర్చుని సరళీవరసలు పాడటానికి అరవై ఏళ్లవాడికి సిగ్గుగా ఉంటుంది (నాకు ఉంది, అయినా కూర్చున్నాను).

అన్నమయ్య జయంతికి, వర్ధంతికి ఏటా ఉత్సవాలు జరుగుతున్నాయి. వేదికలకు, శాలువలకు అయ్యే ఖర్చులో కొంత తీసి, భజన బృందాలకూ చెక్కభజన గురువులకూ పెద్దల తరగతి ఒకటి పెట్టాలని అధికారులను కోరుతున్నాను. ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో ఒక గది, వారానికోసారి వచ్చే ఒక ఉపాధ్యాయుడు చాలు. చాపలు, హార్మోనియం మేమే తెచ్చుకుంటాం.

– ఒక భజన బృంద సభ్యుడు, దేవుని కడప