శని మీది నల్ల చారలు

చిన్నీ,

శని ఫొటో పంపి, "ఈ నల్ల చారలేంటి నాన్నా?" అని అడిగావు. ఆ తర్వాత ఫోనే ఎత్తడం లేదు. బిజీగా ఉంటావులే. నువ్వు ఉద్యోగం మానేశావని పెద్దత్త ఏదో అంది. నేను దాని కోసం రాయడం లేదు, చారల గురించే రాస్తున్నాను.

అవి వలయాల నీడలు. వలయం గట్టి పళ్లెం అయ్యే వీల్లేదని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1859లోనే లెక్కగట్టి చూపించాడు. అంతా మంచుముక్కలే, దేని కక్ష్య దానిదే. వలయాలకు బయటి నుంచి లోపలికి ఎ, బి, సి అని పేర్లు. బి వలయం లోపలి అంచున ఉన్న ముక్క దాదాపు 8 గంటల్లో శనిని చుట్టేస్తే, ఎ వలయం చివరి ముక్కకు 14 గంటలు పడుతుంది. నీతో చదివినవాళ్ల వేగంతో నిన్ను పోల్చుకోకూడదని అందుకే అంటాను. సరే, లెక్చర్ ఆపేస్తా.

శని దాదాపు 27 డిగ్రీలు ఒరిగి, 29 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది. ఏ అర్ధగోళంలో చలికాలమైతే నీడ అటు పడుతుంది. 2004లో కాసిని అంతరిక్ష నౌక అక్కడికి చేరేసరికి ఉత్తరాన చలికాలం. నీ ఫొటో ఆ రోజులదే అయ్యుంటుంది. బాగా చూడు: బి వలయం చిక్కన కాబట్టి దాని నీడ కారునలుపు, సి పలచన కాబట్టి బూడిదరంగు. వలయాల మధ్య ఖాళీలోంచి ఎండ దూరి సన్నటి వెలుగుగీత పడుతుంది. విషువత్తు నాడు, అంటే సూర్యుడు శని నడుముకు సూటిగా ఉన్న రోజు, ఎండ సరిగ్గా వలయాల అంచుకు తగిలి, నీడంతా శని నడుము మీద ఒక్క గీతైపోతుంది. 2025 మేలో జరిగిందదే.

2009లోనూ అంతే, ఇక్కణ్ణుంచి చూసినా వలయాల అంచే కనిపించింది. మేడ మీద దుప్పటి కప్పుకుని, నిద్ర ఆపుకుని కూర్చున్నావు. తీరా చూస్తే గుండ్రటి చుక్క, దానికి అడ్డంగా వెంట్రుకంత గీత. "వలయం ఏదీ? బాబాయ్ టెలిస్కోప్ పాడుచేశాడు!" అని ఒకటే ఏడుపు. వాడు ఒట్లు పెట్టుకుంటూ కటకం ఊడదీసి తుడిచి, ఒక మర పారేశాడు. ఆ టెలిస్కోప్ ఇప్పటికీ ఊగుతూనే ఉంది. 1610లో శనికి రెండువైపులా బుడిపెలు చూసిన గెలీలియో కూడా 1612లో అవి మాయమైతే తెల్లబోయాడని చెప్పాను. వింటేనా? బాబాయ్‌తో చాలా రోజులు మాట్లాడలేదు. నీకేదైనా కష్టమొస్తే ముందు మాటలే మానేస్తావు, అదే నా టెన్షన్.

కళ్లజోడు పవర్ చూపించుకున్నావా? నీ అకౌంట్లో కొంత డబ్బు వేశాను, తిరిగి పంపకు. మానేస్తే మానేశావు, అది పెద్దత్త నోట వినాలా నేను? ఆదివారం ఫోన్ చెయ్యి. అమ్మకు ఇంకా తెలియదు కాబట్టి, ముందు నాకు మిస్డ్ కాల్ ఇవ్వు. మేడ మీదికి వెళ్లి మాట్లాడతాను.

నాన్న