పేటెంట్ పేరు చెప్పి తప్పించుకోవద్దు

అయ్యా,

చౌటుప్పల్ దగ్గర మందుల ముడిసరుకు కంపెనీల్లో పదేళ్లు షిఫ్ట్ కెమిస్ట్‌గా పనిచేశాను. నైట్రో పదార్థాన్ని అమైన్‌గా (రెండూ మందుల తయారీలో వాడే రసాయనాలే) మార్చడానికి ఒకచోట ఇంకా ఇనుప రజను, ఆమ్లమే వాడేవాళ్లు. ప్రతి బ్యాచ్‌కూ డ్రమ్ములకు డ్రమ్ములు నల్లటి బురద మిగిలేది. గోళ్లలో ఆ నలుపు వారమైనా పోయేది కాదు. అదే పని ‘రానీ నికెల్’ అనే ఉత్ప్రేరకంతో (రసాయన చర్యను వేగం చేసే నికెల్ పొడి), హైడ్రోజన్‌తో చేస్తే పక్కన పుట్టేది నీళ్లే. అడిగితే, ‘దానికి పేటెంట్ ఉందయ్యా’ అనేవారు మేనేజర్. దాన్ని కనిపెట్టిన ముర్రే రానీకి అమెరికాలో ఆ పేటెంట్ వచ్చింది 1927లో! మన చట్టంలో పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే.

అసలు అడ్డంకి ఖర్చు. ఒత్తిడి తట్టుకునే ఆటోక్లేవ్ (గట్టిగా మూసే లోహపు పాత్ర) కావాలి. ఆరిన రానీ నికెల్‌కు గాలి తగిలితే అంటుకుంటుంది, నీళ్లలోనే ఉంచాలి. ఆ భయం నాకూ ఉండేది. అలాగని సూటిగా చెప్పాలి గానీ పేటెంట్ మీదికి నెట్టడం ఎందుకు? గడువు తీరిన పేటెంట్లను ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు అప్పుడప్పుడు చౌటుప్పల్, జడ్చర్ల వచ్చి చిన్న యూనిట్లకు ఇవి వివరించాలి. తెలుగులో చెబితే ఇంకా మంచిది, రియాక్టర్ దగ్గర నిలబడేది మాలాంటి వాళ్లే కదా.

– ఒక మాజీ షిఫ్ట్ కెమిస్ట్, చౌటుప్పల్