అది ఎక్స్‌గ్రేషియా కాదండీ, పరిహారం

సంపాదకులు గారికి,

పోయిన వారం ఫ్యాక్టరీ ప్రమాదం మీద మీరు వేసిన వార్త చదివాను. ఎక్స్‌గ్రేషియా, అంటే దయతలచి ఇచ్చే సాయం, ప్రకటించినందుకు యాజమాన్యానికి పెద్ద మనసు అంటగట్టారు. ఊరుకుందామనుకున్నాను గానీ, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇవ్వాల్సింది ఇస్తే అందులో పెద్ద మనసేమిటి?

మా బావమరిది ప్రెస్ మెషిన్లో కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. అప్పటికి వయసు 40, జీతం 15,000. పదిమంది కూడా లేని షెడ్డు కాబట్టి ఈఎస్‌ఐ బీమా లేదు. ఓనరు ఆస్పత్రి బిల్లు కట్టి, చేతిలో 20,000 పెట్టి, ఇక ఏమీ అడగనని రాసిన కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. సంతకం చేసే చేతికి కట్టు ఉంది మరి! మేమూ దణ్ణం పెట్టి వచ్చాం.

ఏడాదిన్నర తర్వాత ఒక లాయరు లెక్క కట్టారు. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం ఇక ఏ పనీ చేయలేని స్థితి వస్తే, జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చవేయాలి. 40 ఏళ్లకు అది 184.17. ఒక చేతికి రెండు వేళ్లు పోతే ఆ మొత్తంలో 20 శాతం. అంటే 3,31,506 రూపాయలు. నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, పైన బకాయిలో సగం దాకా జరిమానా. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఆ కాగితం చెల్లదట. దరఖాస్తుకు గడువు రెండేళ్లు. ఇంకో ఆర్నెల్లు దణ్ణాలు పెడుతూ కూర్చుంటే అంతే సంగతులు!

పనిలో చేర్చుకునేటప్పుడే ఈ హక్కుల గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2017లోనే ఆ చట్టంలో చేర్చారు. ఇవ్వకపోతే 50,000 నుంచి లక్ష దాకా జరిమానా అని అందులో ఉండేది. దాని స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. ఆ కాగితం అందుకున్న కార్మికుడు ఒక్కడైనా మీ విలేకరులకు తగిలాడా? షాపుల బోర్డులు తెలుగులో లేవని హడావుడి చేసే కార్మిక శాఖకు ఈ ఒక్క తెలుగు కాగితం ఎందుకు పట్టదో! ఆఫీసుకు వెళ్లి అడుగుదామంటే సారు ఎప్పుడూ క్యాంపులోనే.

ఇకమీదట ఎక్స్‌గ్రేషియా అంకె వేసినప్పుడు, పక్కన చట్టం ప్రకారం రావాల్సిన అంకె కూడా వేయండి. ఒక్క లైను చాలు.

మావాడి దరఖాస్తు పడింది, మూడు వాయిదాలయ్యాయి. మొన్న ఓనరు తరఫున వచ్చినాయన అడిగిన మొదటి ప్రశ్న: ఇతను మా దగ్గర పనిచేశాడనడానికి రుజువేదీ అని.

– ఒక పాఠకుడు