బండి కింద పడుకుని చూశాకే బేరం

షార్జా,
శుక్రవారం

తమ్ముడూ,

నువ్వు కొందామనుకుంటున్న పాత టాటా ఏస్ ఫొటోలు, వీడియో చూశాను. బండి పైకి బాగుంది. తలుపుల మీద గీత లేదు, సీటు కవర్లు కొత్తవి, వెనక డోరు రంగు మెరిసిపోతోంది. అయితే అమ్మే అతను ఇన్నాళ్లూ వైజాగ్ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు తోలాడని చివర్లో ఒక ముక్క అన్నావు. నా ఆలోచనంతా అక్కడే ఆగిపోయింది. అడ్వాన్సు అప్పుడే ఇవ్వకు. ఇదంతా ఫోన్లో చెబితే సగం నీ చెవిన పడదు. నాన్నకి కూడా చదివి వినిపించాలి, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

బండి కొనాలన్న నీ ఆలోచన మంచిదే. ఏసీ రిపేర్లకి నిచ్చెన భుజాన పెట్టుకుని, వ్యాక్యూమ్ పంపు కాళ్ల దగ్గర ఇరికించి, గ్యాస్ సిలిండర్ వెనక సీటుకి తాడుతో కట్టి గాజువాక నుంచి మధురవాడ దాకా బైకు మీద పోతున్నావని అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఇక్కడ స్థిమితం లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గుర్తుందా? రోజుల తరబడి కరెంటు లేదు, ఎటు చూసినా రోడ్డుకి అడ్డంగా చెట్లే. మన వీధికి తాగేనీళ్ల డబ్బాలు, అద్దె జనరేటరు మోసుకొచ్చింది పక్కింటి మామయ్య పాత ట్రాలీ. దాని రంగు ఎప్పుడో పోయింది. కానీ తాళం తిప్పితే కదిలేది, బ్రేకు నొక్కితే ఆగేది. మెకానిక్కు కాబట్టి నాన్న ఏడాది పొడుగునా దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు, అందుకే ఆ రోజు అందరికీ అక్కరకొచ్చింది. పని బండి అనగానే నా కళ్ల ముందుకొచ్చేది ఇప్పటికీ ఆ ట్రాలీయే.

ఇక చేపల బండి సంగతి. ట్రేలలో చేప, పైన ఐసు. ఐసు కరిగిన నీళ్లలో ఉప్పు, నెత్తురు, పొలుసు కలిసి బాడీ రేకుల సందుల్లోంచి కిందికి కారుతూనే ఉంటాయి. కారి ఎక్కడికి పోతాయి? చాసీ (బండినంతా మోసే కింది ఇనప చట్రం) మీదికి, కమాన్ పట్టీల (స్ప్రింగు పట్టీల) మధ్యకి, బ్రేకు పైపుల మీదికి. ఆ నీళ్లు ఆరినా ఉప్పు ఆరదు. గాలిలో తేమని లాక్కుంటూ ఇనుముని ఎప్పుడూ తడిగానే ఉంచుతుంది. మన ఊరి గాలిలో తేమకి కొదవ లేదు కదా. పోర్టు వైపు తిరిగే బండి అయితే బొగ్గు దుమ్ము కూడా పేరుకుని ఆ తడిని పట్టి ఉంచుతుంది. నీకిది వేరే చెప్పాలా? బీచ్ రోడ్డు అపార్టుమెంట్లలో ఏసీ ఔట్‌డోర్ యూనిట్ల ఫిన్స్ (పల్చటి రేకులు) వేలితో తాకితే తెల్లటి పొడిగా రాలిపోవడం నువ్వు చూస్తూనే ఉన్నావు. ఉప్పుగాలి ఒక్కదానికే అల్యూమినియం అలా అయిపోతుంటే, ఉప్పునీళ్లలో నానిన ఇనుము ఏమై ఉంటుందో ఆలోచించు.

ఆటోనగర్లో నాన్న దగ్గర హెల్పరుగా ఉన్నప్పుడు ఆయన నోట తరచూ విన్న మాట ఒకటుంది: "ఇంజను పోతే ఇక్కడే దొరుకుద్ది, చాసీ పోతే ఏటి సేస్తావు?" అది ఇప్పుడు నీకు పనికొస్తుంది. టాటా ఏస్ 2005లో మార్కెట్లోకి వచ్చింది. దాని పాత డీజిల్ ఇంజను 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్. అంత సాదా ఇంజనుకి రింగులు మార్చాలన్నా, హెడ్డు దించాలన్నా, లేత్ పని చేయించాలన్నా గాజువాకలో తెలిసిన చేతులు ఎన్నో ఉన్నాయి. స్పేర్లూ దొరుకుతాయి. చాసీ తినేస్తే మాత్రం అతుకులు వేయాల్సిందే. పల్చబడిన రేకు మీద కొత్త ప్లేటు వెల్డింగ్ చేయడమంటే పుచ్చిన పన్ను మీద బంగారు తొడుగు వేయడం. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఇనుము ఇంకా బలహీనపడి, లోడు పడగానే అతుకు పక్కనే చీలుతుంది.

కాబట్టి పొద్దున్నే వెళ్లు. ఇంజను స్టార్ట్ చేసి ఉంచొద్దని అతనికి ముందు రోజే చెప్పు. ఒక గోనెసంచి, టార్చి, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు పట్టుకెళ్లు. సంచి పరుచుకుని ముందు బండి కిందకి దూరు. జాకీ ఎక్కించి దూరావంటే మాత్రం ఊరుకోను. బండి నాలుగు చక్రాల మీదే ఉండాలి, గేరులో ఉండాలి, చక్రాలకి రాళ్లు పెట్టాలి.

కింద చాసీకి కొత్తగా నల్లరంగు కొట్టి కనిపిస్తే సంతోషపడకు, అనుమానపడు. అమ్మకానికి పెట్టే ముందు కొట్టే రంగు తుప్పుని దాచడానికే ఎక్కువ. పొడవాటి బీముల వెంట సుత్తితో మెల్లగా తడుతూ రా. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లింది మొద్దుగా పలుకుతుంది. తేడా నీకు తెలియకపోతే నాన్నని పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టు. మోకాళ్ల వల్ల కిందకి వంగలేడు గానీ ఆయన చెవికి అది చాలు. శబ్దం మారినచోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కు. పైపొర మాత్రమే రాలితే అది మామూలు తుప్పు, గీకి రంగు వేస్తే ఆగుతుంది. మొన లోపలికి దిగిందా, లేచి దుమ్ము దులుపుకుని వచ్చేసెయ్, ఇక బేరం లేదు.

ముఖ్యంగా వెనక కమాన్ కట్టలు చాసీకి తగిలే బ్రాకెట్లు చూడు. లోడంతా మోసేది అవే, బురదా ఉప్పూ కూరుకునేదీ అక్కడే. కమాన్ పట్టీల మధ్య తుప్పు ఉబ్బి పట్టీలు ఎడంగా జరిగాయేమో చూడు. చాసీలో నీళ్లు పోవడానికి వదిలిన కన్నాలు మూసుకుపోయి ఉంటే లోపలివైపు నీళ్లు నిలిచాయని అర్థం, బయట ఎంత బాగున్నా నమ్మకు. బ్రేకు పైపుల మీద పొక్కులుంటే ఎంతకి కొన్నా అవి మార్చాకే రోడ్డెక్కాలి. తర్వాత బ్యాటరీ నుంచి చాసీకి వచ్చే ఎర్త్ వైరు. అది పచ్చగా పాకుడు పట్టి ఉంటే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మసకగా వెలుగుతాయి. దానికి బ్యాటరీ మార్చమంటారు. మార్చక్కర్లేదు, ఆ జాయింటు శుభ్రం చేసి బిగిస్తే సరిపోవచ్చు.

ఇంజను గురించి క్లుప్తంగా చెబుతాను, నాన్నకి నాకంటే బాగా తెలుసు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి చూడు. నీళ్ల మీద నూనె తేలితే హెడ్ గాస్కెట్ (ఇంజను హెడ్డు కింద ఉండే సీలు) పోయిందని అనుమానం. స్టార్ట్ చేశాక ఆయిల్ మూత తీస్తే ఉఫ్‌మని పొగ తన్నుకొస్తుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులూ బోరూ అరిగాయి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఎత్తెక్కేటప్పుడు నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టరో ఇంజెక్టరో. హనుమంతవాక నుంచి ఎండాడ వైపు ఆ ఎత్తు ఉంది కదా, నలుగురిని వెనక ఎక్కించే బదులు నాలుగు సిమెంటు బస్తాలేసి ఎక్కించు. పైకి చేరాక ఆపి, వేడి ముల్లు ఎక్కడుందో, కింద ఏమైనా కారుతోందో చూడు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకు. ఇంజను పని ఉన్నా చాసీ గట్టిగా ఉంటే ఆ ఖర్చు బేరంలో తగ్గించుకుని తీసుకోవచ్చు.

టైర్ల పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని. ఇక్కడ షార్జాలో అయితే, తయారై ఐదేళ్లు దాటిన టైరుతో బండి పరీక్ష దాటదు, గీతలు ఎంత లోతుగా ఉన్నా సరే. ఎండకి రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి ఆ నియమం మంచిదే. అక్కడ నిన్ను అడిగేవాళ్లు లేకపోయినా నువ్వు పాటించు.

లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంటు (అదనపు అనుమతి ముద్ర), బండికి పర్మిటు కావాలని బ్రోకరు నిన్ను కంగారు పెట్టాడన్నావు. 7,500 కిలోల లోపు బండిని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి బండి) లైసెన్సుతో తోలొచ్చని, రవాణా బండికి వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. లోడుతో కలిపి 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిటు కూడా అక్కర్లేదు, మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్లోనే ఉంది. అక్కర్లేని పర్మిటు పేరు చెప్పి డబ్బడిగితే ఇవ్వకు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రం ఉండాల్సిందే. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. అది 2016 మోడల్ కాబట్టి నీకు ఏటా ఖర్చే, లెక్కలో వేసుకో. ఫైనాన్సు తీరిపోయిందన్న నోటిమాట నమ్మకుండా ఆర్సీలోంచి ఫైనాన్సు పేరు తీసేయడానికి ఇచ్చే ఫారం 35, ఫైనాన్సువాళ్ల ఎన్ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బివ్వు.

ఏసీ పనుల మీద నేనిక్కడ తోలేది కంపెనీ హైయేస్ వ్యాన్, 2.7 లీటర్ల పెట్రోలు ఇంజను. నా పని సగం ఆ వ్యాను సర్దుకోవడంలోనే ఉందని వచ్చిన కొత్తలోనే అర్థమైంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం. ఆ వేళ నీడన ఆపి వ్యాను చూసుకుంటాను. పానాలు సైజు వరసలో, ఏసీ రాగి గొట్టాల అంచులు విప్పే ఫ్లేరింగ్ టూలు, కట్టరు ఒకే ట్రేలో, ఫ్లేర్ నట్లు సైజువారీ డబ్బాల్లో. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసింది అందాలి. నాలుగో అంతస్తు ఎక్కాక సామాను కోసం మళ్లీ దిగాల్సి వస్తే ఆ పూట పని పోయినట్టే.

నీ బండికి కేబిన్ వెనకే తాళం వేసే ఇనప పెట్టె కట్టించు. బరువైనవి అడుగున, వీలైనంత మధ్యకి పెట్టు. నిచ్చెనకి పైన ర్యాకు పెట్టించు. సిలిండర్ల విషయంలో నేను చెప్పినట్టే చెయ్యి. నైట్రోజన్ సిలిండర్‌కి టోపీ బిగించి, నిలువుగా, గొలుసుతో కట్టాలి. పడి వాల్వు విరిగితే ఆ ఒత్తిడికి సిలిండరే ఎగిరి మనుషుల ప్రాణాలు తీస్తుంది. ఎసిటిలీన్ ఎప్పుడూ పడుకోబెట్టకూడదు. ఆక్సిజన్ రెగ్యులేటర్ని గ్రీజు చేతులతో ముట్టుకోకూడదు. ఇప్పుడు కొత్త ఏసీలు ఎక్కువగా ఆర్-32 తోనే వస్తున్నాయి కదా, అది మండే గుణమున్న గ్యాసు. కేబిన్లో నీ పక్కన పెట్టుకుని అద్దాలు ఎత్తుకుని పోకు. గాలాడే చోట, ఎండ తగలకుండా వెనకే ఉండాలి.

కొన్నాక మొదటి వారంలోనే కింద అంతా మంచినీళ్లతో కడిగించి, పూర్తిగా ఆరనిచ్చి, వైర్ బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, దాని మీద రంగు వేయించు. తుప్పు మీదే తారు కోటింగ్ కొట్టేస్తామంటారు, ఒప్పుకోకు. అది తేమని లోపలే బంధిస్తుంది. పాత ఇంజనాయిలు పూయమని కూడా చెబుతారు. రబ్బరు బుష్షులు పాడవుతాయి, రోడ్డంతా కారుతుంది. వానాకాలంలో వారానికోసారి, బీచ్ వైపు పనులున్నప్పుడు ఆ రాత్రే ఒక్క పైపు మంచినీళ్లు కిందవైపు కొట్టినా చాలు.

ఈ హార్బర్ బండి వద్దనే నాకు గట్టిగా అనిపిస్తోంది. అయినా చూడకుండా ఒకరి సొత్తుకి పేరు పెట్టకూడదు, అందుకే ఇవన్నీ చూసుకోమన్నాను. కుదరకపోతే అనకాపల్లి, పెందుర్తి వైపు కూరగాయలో బెల్లమో తోలిన బండి వెతుకు. నాలుగైదు వేలు ఎక్కువైనా పర్వాలేదు, ఆ తేడా నేను పంపుతాను. అందుకోసం నీ దగ్గరున్న చీటీ డబ్బు మొత్తం ఊడ్చేయకు, మొదటి మూడు నెలల రిపేర్లకి కొంత పక్కన ఉంచు.

ఆదివారం వెళ్తే కింద ఒకే వీడియో తియ్యి, మధ్యలో ఆపకుండా, ముందు బంపర్ నుంచి వెనక హుక్కు దాకా టార్చి వేస్తూ. సుత్తి చప్పుడు కూడా వినపడాలి. నాన్న మోకాళ్ల మందు అయిపోయిందేమో కనుక్కో. అమ్మకి చెప్పు, ఇక్కడ భోజనానికి ఇబ్బంది లేదు, రూములో శ్రీకాకుళం కుర్రాడొకడు చేరాడు, పులుసు బాగా పెడుతున్నాడు. మీ వదినకి, పిల్లలకి రాత్రి ఫోన్ చేస్తాను.

నీ అన్నయ్య